ఎముక లేని చెయ్యి

అయ్యా, మా పిన్ని పచ్చళ్ల కొట్టుకి వెబ్‌సైటు కట్టిపెట్టిన మహానుభావా! కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళాంధ్ర దేవుణ్ణి తిడుతున్నట్టే ఉంటూ శతకం పొడుగునా పొగిడాడు. నాకంత విద్య లేదు. తిన్నగానే పొగుడుతాను.

ముందుగా మీ దానగుణం. పిన్ని మిమ్మల్ని కోరింది ఒక్కటే. ధర మారితే తనే మార్చుకోవాలి, సరుకు అయిపోతే ‘మాగాయ లేదు’ అని తనే రాసుకోవాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మీరు అడక్కుండానే వడ్డించారు. వర్డ్‌ప్రెస్‌తో వచ్చిన ఎడిటరు బటన్లు చాలవని ప్లగిన్ వేసి మరీ రెండు వరుసలు నింపారు. అక్షరాన్ని కిందికి దించేది, మీదికి ఎక్కించేది, టేబుల్ గీసేది, నవ్వు మొహాలు పెట్టేది, అన్నీ ఉన్నాయి. పచ్చళ్ల కొట్లో హెచ్‌టూఓ అని రాయాల్సిన రోజంటూ వస్తే పిన్ని ఎవరి గుమ్మమూ తొక్కనక్కర్లేదు.

ఫాంట్ల పెట్టె మరీ అపురూపం. ఏరియల్, జార్జియా, కామిక్ శాన్స్, వెర్డానా... వీటిలో ఒక్కదానికీ తెలుగు రాదు. అందుకని పిన్ని ఏది ఎంచినా తెలుగు ఉలకదు, పలకదు. బ్రౌజరు తన దగ్గరున్న తెలుగు ఫాంటునే మళ్లీ మళ్లీ చూపిస్తుంది. స్థితప్రజ్ఞత అంటే అదీ! తనే సరిగ్గా నొక్కలేదేమోనని పిన్ని ఒక్కోటీ నొక్కుకుంటూ అట్టడుగున ఉన్న బొమ్మల ఫాంటు వింగ్‌డింగ్స్ దాకా దిగింది. అప్పటికీ తెలుగు కదల్లేదు గానీ, ‘కిలో 600’ అన్నచోట ఓ ఇసుక గడియారం, రెండు ఫైలు అట్టలు వచ్చి కూర్చున్నాయి. డాలస్ నుంచి ఒకాయన ఫోన్ చేసి ఇది ఏ దేశపు డబ్బని అడిగాడు.

వాలు అక్షరాల బటన్ సంగతీ చెప్పుకోవాలి. మన తెలుగు ఫాంట్లలో ఆ వాలు రూపం సాధారణంగా ఉండదు. బ్రౌజరే ఉన్న అక్షరాలను పట్టుకుని పక్కకి తోస్తుంది. ‘గోంగూర’ ఆ బటన్ కింద పడితే దొర్లబోతున్న కుండల వరుసలా ఉంటుంది. ఇక కింద గీత! నెట్‌లో గీత కనబడితే నొక్కమని అర్థం కదా. పిన్ని ‘కొత్త ఆవకాయ వచ్చింది’ కింద ముచ్చటపడి గీత గీసింది. జనం దాన్ని నొక్కీ నొక్కీ అలిసిపోయారు.

మీ మితభాషిత్వం కూడా తక్కువది కాదు. వర్డ్‌లోంచి తెచ్చి అతికిస్తే మాటల వెంట పిలవని చుట్టాలు కొందరు కోడ్‌లోకి దిగి మకాం వేస్తారు. కరపత్రం కోసం డీటీపీ కుర్రాడు అను ఫాంట్లలో కొట్టిచ్చిన మేటరు అతికిస్తే తెలుగు మాయమై ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన చిత్రాన్నం మిగులుతుంది. అది యూనికోడ్ కాదమ్మా అని ఒక్క ముక్క చెబితే మీ వ్రతం భంగమయ్యేది.

అసలు పొగడాల్సింది మీ నిగ్రహాన్ని. ఆ ఎడిటరు టైనీఎంసీఈ. ఏ బటన్లు కనబడాలో చెప్పడానికి దాని సెట్టింగుల్లో ఒక్క వరుస చాలు: బోల్డు, జాబితా, లింకు, వెనక్కి. అతికించినది వట్టి అక్షరాలుగానే రావాలంటే ఇంకో వరుస. ఆ రెండు వరుసలు రాయకుండా మూడేళ్లు ఆపుకున్నారు. విశ్వామిత్రుడి వల్ల కాలేదు. పైగా ఏం తీసెయ్యాలో తేలాలంటే కొట్లో ఓ పూట కూర్చుని ఆవిడ ఏం రాస్తుందో చూడాలి. పరాయివాళ్ల పనిలో తల దూర్చే మనిషి కాదు మీరు.

పిన్నిదే ఇరుకు మనసు. కొనేవాణ్ణి ఆవపిండి ఎంత పడాలని ఏనాడూ అడగదు. కలిపి, ఊరబెట్టి, సీసాకెత్తి చేతికిస్తుంది. ఎదుటివాడి స్వేచ్ఛ ఆవిడకి పట్టదు.

బాణపు ములుకుల గుర్తున్న బటన్ ఒకటి పెట్టారు. నొక్కితే పేజీ పేగులన్నీ బయటపడతాయి. అందులో ‘డివ్’ అన్న మాట ఊరికే పదేపదే వచ్చిందని పిన్ని రెండుచోట్ల తీసేసింది. చిరునామా వెళ్లి ధరల పక్కన పడింది. మీకు ఫోన్ చేస్తే మీరన్నది వేదవాక్యం: “అది మీరెందుకు నొక్కారాంటీ?”

నిజమే, నొక్కడానికా పెట్టింది!

చివరికి సులువు చేస్తానన్నారు. చేశారు కూడా. రెండో వరుసని ఓ గుర్తు వెనక దాచారు. ఇల్లు ఊడ్చి చెత్త మంచం కిందికి తోసినంత శుభ్రం! అదీ చాలక బ్లాకుల ఎడిటరుకి మార్చారు. 2018 డిసెంబరు 6న వర్డ్‌ప్రెస్ 5.0తో గుటెన్‌బర్గ్ అన్న పేరుతో వచ్చిందే అది. పేరా ఒక బ్లాకు, బొమ్మ ఒక బ్లాకు, మధ్యలో ఖాళీకి కూడా ఒక బ్లాకు. తెలిసినవాడి చేతిలో మంచి పనిముట్టే, కాదనను. పాతదే కావాలనేవాళ్లకి క్లాసిక్ ఎడిటర్ అనే ప్లగిన్‌ని వర్డ్‌ప్రెస్ వాళ్లే ఇచ్చారు. లక్షల సైట్లలో ఉందది. ఆ మాట పిన్ని దాకా రాలేదు. మీ మితభాషిత్వం గురించి చెప్పాను కదా.

ఇప్పుడు ధర మారితే పిన్ని మీకు వాట్సాప్ పెడుతుంది. మార్పుకింతని పుచ్చుకుని మీరు మారుస్తారు. మాగాయ అయిపోయి నెలైంది, సైటులో మాత్రం ఇంకా దొరుకుతోంది. కొట్టు ముందు పలక మీద సుద్దముక్కతో ‘లేదు’ అని రాసింది. దానికి అర నిమిషం పట్టింది.

మీ రుణం ఉంచుకోకూడదని ఇవాళే పార్సిల్ కట్టింది. మామిడి ముక్కలు, ఉప్పు, కారం, ఆవపిండి, మెంతులు, వెల్లుల్లి, నూనె, దేనికది విడివిడి పొట్లం. మీరు అడక్కపోయినా ఇంగువ, పంచదార, సాంబారు పొడి కూడా పడేసింది. ఏది ఎంతో రాయలేదు. కుదరకపోతే ఫోన్ చెయ్యండి. ఏమనాలో ఆవిడకి మీరే నేర్పారు.