కుడితి గోలెం

శ్రీముఖలింగం వచ్చినవాళ్లు మధుకేశ్వరస్వామికి దండం పెట్టుకున్నాక, ఆయన వెనకనున్న పెద్ద మట్టి గోలెం వైపు కూడా ఒకసారి తొంగి చూస్తారు. గుమ్మంలో పట్టనంత గోలెం గర్భగుడిలోకి ఎలా వెళ్లిందన్నది ఇక్కడ ఇంటింటా చెప్పుకునే కథే. అది ఒక కుమ్మరి మొక్కు. నేనూ కుమ్మరి చేతి మట్టినే గానీ నా చోటు వేరు. రెండెకరాల రైతు ఇంట్లో, పసులసాల చూరు కింద, సగం దాకా నేలలో పాతిపెట్టి ఉంటాను. నేను కుడితి గోలేన్ని.

బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, చోడి అంబలి గిన్నె తొలిచిన నీళ్లు, ఆనపకాయ తొక్కలు, గుప్పెడు తవుడు, ఇంత ఉప్పు. ఈ ఇంట్లో మనుషులు తినగా మిగిలినవీ, మనుషులు తినలేనివీ నాలోకి వస్తాయి. నాలోంచి పశువు కడుపులోకి పోతాయి. అక్కడినుంచి గత్తం కుప్పకి, కుప్పనుంచి వరిమడికి, మడినుంచి మళ్లీ వంటింటికి. ఈ దారిలో డబ్బు పెట్టి కొన్నది దాదాపు ఏమీ లేదు. చిన్న రైతు పశువుని పోషించగలిగింది ఇందువల్లనే.

పశువుని నేను మూతి దగ్గర చూస్తాను. ఆవు వచ్చీరాగానే తాగదు. ముక్కుతో ఒకసారి గట్టిగా ఊదుతుంది, పైన తేలుతున్న తవుడు రెండు పక్కలకీ జరుగుతుంది. అప్పుడు పెదాలు దగ్గరికి చేర్చి, ముక్కుపుటాలు తడవకుండా, చప్పుడు లేకుండా పీలుస్తుంది. ఒంట్లో బాగున్న ఆవు మూతి మీద ఎప్పుడూ చిన్న చిన్న నీటిబొట్లు ఉంటాయి. జ్వరం తగిలితే ఆ మూతి ఆరిపోతుంది. మా ఇంటి పెద్దాయన పొద్దున్నే ముందు చూసేది దాన్నే. కుడితి ముట్టకుండా తల తిప్పుకుందంటే ఆ పూట ఆయనకీ అన్నం సహించదు. ఇప్పుడైతే 1962కి ఫోను చేస్తే పశువైద్యుల బండి వస్తుంది. అదొక పెద్ద ధైర్యం.

ముసర రోగం వస్తే సాలలకి సాలలే ఖాళీ అయ్యేవని పాతవాళ్లు నా పక్కన కూచుని చెప్పుకునేవారు. ఆ రోగం భూమ్మీద ఎక్కడా లేదని 2011లో ప్రకటించారు. మనుషులు పూర్తిగా తుడిచిపెట్టగలిగిన రోగాల్లో మశూచి తర్వాత అదే రెండోది. టీకా అంటే ఇప్పటికీ జంకేవాళ్లకి నేను చెప్పగలిగితే ఈ మాటే చెబుదును. గాలికుంటు మాత్రం ఇంకా పోలేదు. నోట్లో పుళ్లు, తీగలు తీగలుగా చొంగ, గిట్టల సందున పుండు. ఆ చొంగ నాలో పడితే సాలంతటికీ రోగం పంచేది నేనే. అందుకే అలాంటప్పుడు ముసలమ్మ జబ్బు పశువుకి విడిగా బాల్చీ పెట్టి, నన్ను ఖాళీ చేసి, లోపలంతా సున్నం పూసి ఎండగట్టేది. ఎండకి నోరు తెరుచుకుని పడున్న ఆ రోజులంటే నాకు గౌరవం. వాటివల్ల బతికిన దూడలు నాకు తెలుసు.

కుడితి కూడా మునుపటిలా లేదు. అంట్లు బూడిదతోనో చింతపండుతోనో తోమే రోజుల్లో కడిగిన నీళ్లు ఎన్ని వచ్చినా దిగులుండేది కాదు. సబ్బు ముక్క వచ్చాక ముసలమ్మ కోడలి మీద గట్టిగానే కేకలేసింది. “ఒలే, సబ్బునీల్లు అందులో పోస్తావేటి? నువ్వు తాగుతావా? నోరు లేని గొడ్డు అది, దానికేటి తెలుస్తాది?” ఆ వేళనుంచి కోడలు మెతుకుల నీళ్లు ముందు నాలో వంపుతుంది, సబ్బు ఆ తర్వాతే ముట్టుకుంటుంది.

ప్రేమతో చేసే కీడు ఇంకొకటుంది. శివరాత్రికీ చక్రతీర్థ స్నానాలకీ చుట్టాలు దిగుతారు, వండింది మిగులుతుంది. పారేయడం పాపమని ఆ అన్నమంతా ఒక్కసారే నాలో కుమ్మరించే ఇళ్లు ఉన్నాయి. ఆవు కడుపు గడ్డిని నానబెట్టి, పులియబెట్టి, నెమరేసుకునే కడుపు. అంత అన్నం ఒక్కసారి పడితే లోపలంతా పులిసిపోయి ఆమ్లమైపోతుంది. నెమరు ఆగుతుంది, కడుపు ఉబ్బుతుంది, సమయానికి వైద్యం అందకపోతే తెల్లారేసరికి ప్రాణం పోవచ్చు. మిగిలింది ఎంతైనా ఉండనీ, గొడ్డుకి గుప్పెడే.

ఇక గడ్డి సంగతి. నా మనసులో ఎక్కువ మెదిలేది అదే. ఒకప్పుడు కొడవలితో కోసి, కళ్లంలో నూర్చి, పొడుగు గడ్డిని కుప్ప వేసేవారు. వరి ఇంకా కోతకి రాకముందే మడిలో పెసలో మినుములో జల్లేవారు. పప్పు ఇంటికి, కట్టే పొట్టూ సాలకి. ఎండాకాలమంతా అదే మేత. ఇప్పుడు కోతమిషను వచ్చి గంటలో మడి ఊడ్చేస్తోంది. నలిగి చెదిరిన గడ్డిని ఏరి తెచ్చే ఓపిక లేక కొందరు అక్కడే అగ్గి పెడుతున్నారు. పసులు తిరిగే గెడ్డ గట్లూ బంజర్లూ ఏడాదికేడాది కురచవుతున్నాయి.

ఇలాంటప్పుడే ఈ ఇంటి కొడుకు అప్పు చేసి రెండు జెర్సీ ఆవుల్ని తెద్దామన్నాడు. పాల లెక్క కాగితం మీద వేసి చూపించాడు.

“పాలు సరేరా. గడ్డెక్కడిది?” అన్నాడు పెద్దాయన.

“కొందాం నాన్నా.”

“నీల్లో?”

నీళ్ల లెక్క నాకు బాగా తెలుసు. లీటరు పాలు దిగాలంటే ఆవు ఒంట్లోకి నాలుగైదు లీటర్ల నీళ్లు పోవాలి. జెర్సీ ఆవు మీద నాకు కోపం లేదు, ఏ మూతైనా నాకు మూతే. కానీ మన వైశాఖం ఉక్కపోతకి ఆయాసపడే జీవాన్ని రేకుల షెడ్డు కింద కట్టేసి, దాణా అంతా బజారు మీద ఆధారపడి, దానికి కోడెదూడ పుడితే పాలు దండగని కడుపు మాడ్చడం నేను భరించలేను. పాలు పితికేటప్పుడు ఒక చన్ను దూడకి వదలడం ఈ సాలలో ఆచారం. ఆ ఆచారం నిలిచే లెక్కయితేనే అది లెక్క.

నాటావు పాలు తక్కువే ఇస్తుంది. కానీ దాని పేడా మూత్రమూ ఉండబట్టే నా పక్కన ఇప్పుడొక డ్రమ్ము చేరింది. రెండొందల లీటర్ల నీళ్లలో పది కిలోల పేడ, అయిదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. రోజూ కర్రతో తిప్పుతూ రెండు రోజులు పులియబెడితే ఎకరానికి సరిపడా ద్రవజీవామృతం. రైతు సాధికార సంస్థ 2016 నుంచి మహిళా సంఘాల ద్వారా ఈ ప్రకృతి సాగు ఊరూరా నేర్పిస్తోంది. 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ సంస్థ బహుమతి, మరిద్దరితో పాటు, ఈ పనికి దక్కింది. ఆ వార్త కోడలు సంఘం మీటింగులో విని వచ్చి డ్రమ్ము తిప్పుతూనే అత్తకి చెప్పింది.

ట్రాక్టరు వచ్చాక ఎడ్ల జతలో ఒకదాన్ని నారాయణవలస సంతకి తోలారు. ఆ సాయంత్రం రెండోది నా దగ్గరికొచ్చి, పక్కన ఖాళీ చోటు వాసన చూసి, తాగకుండానే వెళ్లిపోయింది. సంతలో అమ్ముడైన గొడ్లు లారీల్లో ఎలా పోతాయో దారిలో చూసినవాళ్లు చెబితే విన్నాను. లారీకి ఆరు పశువులకి మించకూడదని 1978 నాటి రవాణా నియమాల్లోనే ఉంది. కాళ్లు విరిగేలా కుక్కి తోలుతున్నప్పుడు ఆ కాగితం ఎవరికి గుర్తుంటుంది? రెండో ఎద్దుని పెద్దాయన అమ్మలేదు. ముసలి ఎద్దు నాగలి లాగలేదు గానీ పేడ వేయడం మానలేదు కదా అన్నాడు. డ్రమ్ము వచ్చాక ఆ మాటకి ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఆ ఎద్దు బతికుండటానికి ఇంకో కారణం ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, వెనకే వంశధార పొంగింది. గాలికి చూరు ఊగుతుంటే పెద్దాయన చీకట్లో సాలలోకి వచ్చి పలుపులన్నీ విప్పేశాడు. ముళ్లు బిగుసుకుపోయిన చోట కత్తితో కోసేశాడు. కట్టుతాడుకున్న గొడ్డు వరదలో ఈదలేదు, విప్పేస్తే మెరక ఎటుందో అదే వెతుక్కుంటుంది. అవి వెతుక్కున్నాయి. నాలోంచి ఒండ్రు తోడడానికి మాత్రం చాలా పొద్దు పట్టింది.

మొన్న వానలకి ముందే గొంతువాపు టీకాలు వేయించారు. గట్టు పొడుగునా అవిశ విత్తనాలు నాటారు. అవి ఎదిగి ఆకు మేతకొచ్చేదాకా కొత్త పశువు మాట ఎత్తొద్దని కోడలే మొగుడికి తేల్చి చెప్పింది. వచ్చినా ఒక్కటేనట, అదీ నాటు పెయ్యేనట. కొడుకు ఇంకా ఔననలేదు. అప్పు కాగితాల మీద సంతకమూ పెట్టలేదు.