మా ఇంట్లో ఇంకా 2009

ఏడాదికి రెండుసార్లు టీవీ వాళ్లకు మా ఆదిలాబాద్ గుర్తుకొస్తుంది. మేలో ఎండకు, డిసెంబర్‌లో చలికి. ఈ రెండూ లేని నెలల్లో ఇక్కడ మనుషులు బతుకుతున్నారన్న అనుమానం కూడా ఎవరికీ రాదు. భీంపూర్ మండలం అర్లి(టి), ఆసిఫాబాద్ జిల్లా సిర్పూర్(యు) మ్యాపులో ఎక్కడున్నాయో చూపించలేని హైదరాబాద్ వాళ్లు కూడా నిన్న రాత్రి అక్కడ ఎన్ని డిగ్రీలో టక్కున చెప్తారు. ఉష్ణోగ్రత ఒంటి అంకెలోకి దిగిన పొద్దున, మైకు పట్టుకుని ఒక పిల్లగాడు మా వాడకట్టుకు వస్తాడు. చలిమంట చుట్టూ కూర్చున్న వాళ్లను లేపి, కెమెరాకు ఎదురుగా మళ్లీ కూర్చోబెట్టి, "చలి ఎట్లుంది?" అని అడుగుతాడు. "నువ్వు స్వెట్టర్ ఏసుకున్నవ్, నేను ఏసుకోలే. ఎట్లుంటదో నువ్వే చెప్పు" అన్నాడు మా పక్కింటి తాత. ఆ ముక్క ప్రసారం కాలేదు.

మా ఇంట్లో మాత్రం చలిని డిగ్రీల్లో కొలవం, యూనిట్లలో కొలుస్తాం. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు బిల్లు సున్నా. 201 అయిందో, కట్టాల్సింది ఆ ఒక్క యూనిట్‌కు కాదు, మొత్తానికి. చలికాలం ఫ్యాన్లు తిరగవు కదా, మీకు బోలెడు మిగులుతుంది అనేవాళ్లున్నారు. వాళ్లెప్పుడూ హీటర్ రాడ్డుతో కాపురం చెయ్యలేదు. బకెట్‌లో వేలాడే 1500 వాట్ల రాడ్డు గంటకు యూనిటున్నర తాగుతుంది. అందుకని నవంబర్ వచ్చిందంటే మా ఆవిడ మీటర్ రీడర్ కొలువులో చేరిపోతుంది. అటుకులు తాలింపు పెడుతూ పెడుతూనే బయటికెళ్లి మీటర్ చూసొచ్చి, "ఇంటున్నరా? 174 మీదుంది. ఇంక వారముంది నెల పోవాల్నంటే" అని ప్రకటిస్తుంది. ఎవరు ఏ రోజు తలస్నానం చెయ్యాలో కేలండర్ మీద రాసి పెట్టింది. నాకు ఆదివారం ఇచ్చింది. పండగ శుక్రవారం వచ్చినా నా వంతు ఆదివారమే.

ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే నాకు ఈ లెక్కలో మాట్లాడే హక్కు లేదు. రాత్రి పడుకునే ముందు ఆమె ఇల్లంతా తిరిగి గోడకున్న స్విచ్చులన్నీ ఆపుతుంది. టీవీ కింద ఎర్రలైటు, చార్జరు, దోమల మందు (చలికి దోమలు కూడా రావు, నిజమే), ఆఖరికి నా కంప్యూటర్. "అది బందే ఉంది కదనే" అన్నాను మొదట్లో. "బందున్నా లోపల ఏదో తాగుతనే ఉంటది. పేపర్ల వచ్చింది" అంది. పేపర్లో వచ్చినదానికి అప్పీలు లేదు.

ఆ కంప్యూటర్ గురించి కొంచెం చెప్పాలి. భాగాలు విడివిడిగా కొని బిగించిన పాత పెట్టె. మా చుట్టపక్కాలందరికీ అదే మీసేవ. భూభారతిలో పొలం వివరాలు చూడాలన్నా, పిల్లల హాల్ టికెట్ ప్రింటు తియ్యాలన్నా మా ఇంటికే వస్తారు. డిసెంబర్ పొద్దున బటన్ నొక్కితే ముందు ఫ్యాను మూలుగుతుంది. అందులో ఉన్న కాస్త నూనె చలికి గట్టిపడుతుందట. కాసేపు మూలిగి, తనలో తాను వేడెక్కి, తిరగడం మొదలుపెడుతుంది. అంతవరకు నాకు అభ్యంతరం లేదు, నేనూ పొద్దున అట్లాగే లేస్తాను. తర్వాత నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలొస్తాయి. సెట్టింగులు పోయాయి, తారీఖు పెట్టు, ముందుకు పోవాలంటే ఎఫ్1 నొక్కు అని. నొక్కితే ముందుకు పోదు, వెనక్కి పోతుంది. తెర కింది మూలన తారీఖు వెలుగుతుంది: 2009 జనవరి 1.

ఇక ఇంటర్నెట్ తెరవండి చూద్దాం. ఏ వెబ్‌సైటూ లోపలికి రానియ్యదు. మీ గడియారం వెనకబడి ఉంది అంటుంది బ్రౌజరు. దీని వెనక ఉన్న సంగతి చిన్నది. ప్రతి సురక్షితమైన వెబ్‌సైటు దగ్గరా ఒక సర్టిఫికెట్ ఉంటుంది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని దాని మీద రాసి ఉంటుంది. 2009లో కూర్చున్న కంప్యూటర్ 2025 సర్టిఫికెట్ చూసి, ఇది ఇంకా పుట్టనే లేదు, ఎవడో దొంగ అనుకుంటుంది. దాని లెక్కలో తప్పు లేదు. దానికి తెలిసిన లోకంలో ఇంకా రాజశేఖరరెడ్డే ముఖ్యమంత్రి. తెలంగాణ రాలేదు. ఆదిలాబాద్ నాలుగు ముక్కలు కాలేదు, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ అన్నీ మా జిల్లాలోనే ఉన్నాయి.

సరిగ్గా అట్లాంటి పొద్దుననే మా బావ దిగాడు. జైనథ్ మండలంలో నల్లరేగడి, ఏటా పత్తి. 2025 సీజన్ నుంచి మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే ఫోన్లో యాప్ ఉండాలి, యాప్‌లో స్లాటు పట్టాలి, దానికి ఓటీపీ రావాలి. బావ ఓటీపీ పుణెలో ఉన్న కొడుకు ఫోనుకు పోతుంది. వాడు రాత్రి డ్యూటీ చేసి పొద్దున పడుకుంటాడు. వాడు లేచేసరికి ఓటీపీ కాలం తీరుతుంది. ఆ తిప్పలన్నీ దాటి స్లాటు పట్టి, తెల్లారగట్ల మంచులో ట్రాక్టర్ వేసుకుని యార్డుకు పోయి, అక్కణ్నుంచి తిన్నగా మా ఇంటికొచ్చాడు. రుమాలు తియ్యలేదు, టీ అడగలేదు.

"పదమూడు చూపించింది బామ్మర్దీ" అన్నాడు.

పత్తి తెలియని వాళ్లకు పదమూడు అంటే అర్థం కాదు. 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. పత్తిలో తేమ 8 శాతం లోపు ఉంటేనే అది పూర్తిగా చేతికొస్తుంది. ఆపైన ప్రతి ఒక్క శాతానికీ ధరలో ఒక శాతం, అంటే 81 రూపాయలు కోత. 12 దాటితే కొననే కొనరు. ముళ్లున్న మీటర్ను పత్తిలో గుచ్చుతారు, అంకె వస్తుంది, ఇంక మాటల్లేవు. డిసెంబర్‌లో రాత్రంతా ట్రాక్టర్ మీద మంచు కురుస్తుంది. మధ్యాహ్నం ఎండలో తొమ్మిది చూపించే పత్తే పొద్దున్నే పదమూడు చూపిస్తుంది. చలి మా జిల్లాకు టీవీలో పేరు తెచ్చిందంటారు గానీ, దాని ఖర్చు క్వింటాలు లెక్కన బావ కడుతున్నాడు. యార్డు బయట ప్రైవేటు వ్యాపారి ఏడు వేలు చెప్పాడట. మంచు గురించి ఆయనకూ తెలుసు.

"పొద్దంత ఎండల ఆరబోసి సంచిలెత్తిన. నా కష్టాన్ని నమ్మడు, ఆ ముల్లును నమ్ముతడు" అన్నాడు బావ. నేను కంప్యూటర్ వైపు చూపించాను. "దీనికీ అదే రోగం బావా. ఎదురుంగ నన్ను పెట్టుకొని కూడా 2009 అంటుంది."

బావ ముందుకు వంగి తారీఖు చూశాడు. ఆయన ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "2009ల పత్తి ఎంతుండె?" అన్నాడు. మూడు వేలు, అదే రకానికి. "బంగారం?" తులం పదిహేను వేల లోపే. బావ చదివింది ఏడో తరగతి, లెక్క మాత్రం నాకన్నా ముందే అయిపోయింది. "ఐదు క్వింటాళ్లు ఏస్తే తులం వచ్చేది. ఇప్పుడు లచ్చా ముప్పై వేలంటున్నరు. పదహారు క్వింటాళ్లు కావాలె. అంటే రెండెకరాలు దున్ని, విత్తి, మందు కొట్టి, ఏరి, మంచుల నిలబడితే ఒక్క తులం." ఆ రెండెకరాల లెక్క కూడా పంట బాగా వచ్చిన ఏడాదిదే. ఆయన కూతురి పెళ్లి కుదిరి ఉంది, మూఢం పోయాక ముహూర్తం. "గీ మిషిన్‌ను బాగు చెయ్యకు బామ్మర్దీ. పెండ్లయ్యేదాక గిట్లనే ఉండనియ్యి. అండ్లకెళ్లి బంగారం తీసుకునే ఉపాయమేమన్న ఉంటె చూడు."

పత్తి ధర పెరగలేదని ఎవరూ అనరు. పదహారేళ్లలో మూడు వేలు ఎనిమిది వేలు దాటింది. దానితో కొనాల్సినవి ఆగి ఎదురుచూడలేదు, అంతే. పైగా 2025లో విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఆగస్టు 19 నుంచి ఎత్తేసి, తర్వాత ఆ గడువును డిసెంబర్ 31 దాకా పొడిగించారు. సరిగ్గా మా చేలల్లో పత్తి ఏరే కాలమది. ఓడలో వచ్చిన పత్తిని ఎవరైనా స్లాటు, ఓటీపీ అడిగారేమో నేను వినలేదు.

బావ ఏమన్నా నాకు హాల్ టికెట్ల గిరాకీ ఉంది. ఇద్దరం పెట్టెను బండి మీద పెట్టుకుని రిపేరు షాపుకు పోయాం. అక్కడి పిల్లవాడు పెట్టె వంక తిరిగి కూడా చూడలేదు. "విండోస్ టెన్నా సార్? అక్టోబర్ 14తోని దానికి అప్‌డేట్లు బందయినయి. పదకొండేమో దీని మీదికి ఎక్కది. కొత్తది తీసుకోండి. తీసుకుంటె ఇయ్యాలనే తీసుకోండి, ర్యామ్ రేటు రేపు ఎంతుంటదో నేనే చెప్పలేను." ఎందుకట? కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లు లోకంలోని మెమరీ చిప్పులన్నీ ఊడ్చేస్తున్నాయట. అక్కడెక్కడో ఏదో యంత్రం తెలివి పెంచుకుంటే ఆదిలాబాద్‌లో నా పెట్టెకు ధర పెరుగుతుంది.

బావ ఆ చిన్న పచ్చ పలకను వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు చూశాడు. "దినాం పెరుగుతదా దీని రేటు?"

"పెరుగుతది బాపూ. నెల కింద దీనికి ఇండ్ల సగం కూడ లేకుండె."

"తేమ చూస్తరా?"

"దీనికి తేమేంది!"

"ఎకరానికి ఎన్ని పండుతయి?" అన్నాడు బావ. పిల్లవాడు నవ్వాడు. బావ నవ్వలేదు.

ఆ ప్రశ్నకే మెత్తబడ్డాడో ఏమో, పిల్లవాడు పెట్టె విప్పాడు. దుమ్ము ఊదాడు. బోర్డు మీద నుంచి రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఊడదీసి చూపించాడు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదట. మూడు వోల్టులుండాలి, వయసైపోతే పడిపోతుంది, చలికి ఇంకాస్త పడిపోతుంది. గోడ స్విచ్ వేసి ఉంచితే కంప్యూటర్ ఆపి ఉన్నా గడియారం ఆ కరెంటు మీదే నడుస్తుంది, బ్యాటరీ అరగదు. "రాత్రిపూట స్విచ్ బంద్ చేస్తరా సార్?" అనడిగాడు. నేను మాట్లాడలేదు. బావ "వాళ్లింట్ల అది చెల్లెలి డిపార్ట్‌మెంటు" అన్నాడు. కొత్త బిళ్ల నలభై రూపాయలు. కంప్యూటర్ పదహారేళ్లు ఒక్క దూకు దూకి డిసెంబర్ 2025లో వచ్చి పడింది. మొట్టమొదట తెరుచుకున్న పేజీలో ఆ రోజు బంగారం ధర ఉంది. బావ రుమాలు సర్దుకుని లేచాడు.

ఇంటికొచ్చి మా ఆవిడకు లెక్క చూపించాను. ఆపి ఉన్న కంప్యూటర్ రాత్రంతా తాగేది మూడు వాట్లనుకో, నెలంతా కలిపినా ఒక్క యూనిట్ కాదు. దానికోసం నలభై రూపాయల బ్యాటరీ చంపుతున్నావు అన్నాను. ఆమె చెంబు కింద పెట్టి, "ఆ ఒక్క యూనిటే 201వది అయితే?" అంది. అయితే బిల్లు వెయ్యి దాటుతుంది. లెక్కల పంతులుగా చెప్తున్నాను, ఆ ప్రశ్నకు జవాబు లేదు.

బావ పత్తిని మా బడి పక్క ఖాళీ జాగాలో రెండు మధ్యాహ్నాలు ఆరబోశాం. మళ్లీ స్లాటు పట్టి, ఈసారి కొడుకును పుణెలో నిద్ర లేపి, పొద్దెక్కాక కాంటాకు తీసుకెళ్లాడు. తొమ్మిది చూపించింది. క్వింటాలుకు 81 రూపాయలు పోయాయి, మిగతాది ఖాతాలో పడింది.

మీ కంప్యూటర్ కూడా పొద్దున్నే వెనకటి సంవత్సరానికి పోతోందంటే కొత్తది కొనకండి. ఆ బిళ్ల మీద సీఆర్ 2032 అని రాసి ఉంటుంది, గడియారాల దుకాణంలోనూ దొరుకుతుంది. రాత్రి స్విచ్చులు ఆపేవాళ్లు ఇంట్లో ఉంటే రెండు కొనిపెట్టుకోండి. వాళ్లతో వాదించేకన్నా చవక.