చక్రమింట నిలిపి: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

సైకిలును ఇంట్లో నిలబెట్టి, దారి లేకుండానే తొక్కించే పరికరాన్ని ఇండోర్ ట్రైనర్ అంటారు. కొద్ది డబ్బుతో దాన్ని ఎంచుకునే విధానం ఈ కింది పద్యంలో ఉంది.

చక్ర మింట నిలిపి సాగింపఁ గోరెడి
స్వల్ప ధనుడు మొదట శబ్ద మెంచి
చోటు నెంచి పిదప సొమ్ము లెక్కించుచుఁ
గొనుట మేలు లేక కునుకు మేలు

మూలం లేనిదే టీక నిలవదు గనుక ఈ పద్యాన్ని ఈ టీక కోసమే కట్టడం జరిగింది. దీనికి తాళపత్ర ప్రతులు లేవు. ఛందస్సు ఆటవెలది. చ–సా, స్వ–శ, చో–సొ, గొ–కు అని నాలుగు పాదాల్లోనూ యతి కుదిరింది. కుదరని సంగతులన్నీ ట్రైనర్ల అంగడిలోనే ఉన్నాయి.

ఈ టీక సంగారెడ్డి జిల్లా న్యాల్‌కల్‌లో ఉండే సైకిలు మనిషి కోసం. అతనికి ఇంత టీక ఎందుకని అడగరాదు. పంచకావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి కోల్చారం వాడు. 2016 అక్టోబర్ 11న సంగారెడ్డి జిల్లా విడిగా ఏర్పడేదాకా కోల్చారం, న్యాల్‌కల్ రెండూ ఒకే మెదక్ జిల్లాలో ఉండేవి. మూలంలో లేనిది రాయననీ, అక్కరకు రానిది చెప్పననీ ఆయన మాట ఇచ్చి మరీ కలం పట్టాడు. ఆ రెండో నియమాన్ని టీకాకారుల కన్నా కొనుగోలుదారులు పాటించడమే ఎక్కువ అవసరం. కిరాతార్జునీయానికి ఆయన రాసిన టీక పేరు ఘంటాపథం, అంటే గంటల మోత వినిపించే రాజమార్గం. ట్రైనర్ మీద పథం ఉండదు, హ్యాండిల్‌కు గంట మాత్రం ఉంటుంది.

ప్రతిపదార్థం: చక్రము = సైకిలు చక్రాన్ని, ఇంటన్ = ఇంటిలో, అనగా అర్రలోనో అరుగు మీదనో కొట్టంలోనో, నిలిపి = కదలకుండా నిలబెట్టి, సాగింపన్ = తొక్కుడు కొనసాగించడానికి, కోరెడి = కోరునట్టి, స్వల్ప ధనుడు = కొద్దిపాటి డబ్బు గలవాడు, మొదటన్ = తొలుత, శబ్దము = చప్పుడును, ఎంచి = విచారించి, చోటును = స్థలమును, ఎంచి = చూచుకొని, పిదపన్ = అటు తరువాత, సొమ్ము = రూపాయలను, లెక్కించుచున్ = లెక్కబెట్టుకొనుచు, కొనుట = కొనుగోలు చేయుట, మేలు = మంచిది, లేక = అట్లు కానిచో, కునుకు = చిన్నపాటి నిద్ర, మేలు = మంచిది.

స్వల్ప ధనుడంటే లేనివాడని కాదు. ఎంత ఉన్నా సైకిలు మీద పెట్టడానికి మనసొప్పనివాడు కూడా స్వల్ప ధనుడే. వారానికి మూడు నాలుగు సార్లు, అరగంటో ముప్పావు గంటో తొక్కి దిగిపోయే వాడే ఈ పద్యానికి అధికారి. పందేలకు పోయేవాడు కాడు. అతని శాస్త్రం వేరు, దాని ఖర్చూ వేరు.

ఇక్కడ పూర్వపక్షం ఒకటి లేస్తుంది. న్యాల్‌కల్ జహీరాబాద్‌కూ బీదర్‌కూ నడుమ, కర్ణాటక సరిహద్దున ఉన్న ఊరు. తెల్లవారుజామున బయట అంత గాలి, అంత ఖాళీ దారి ఉండగా నాలుగు గోడల మధ్య తొక్కడం దేనికి? దానికి రేగడి నేలే సమాధానం. వాన పడితే నల్లమన్ను టైరుకు చుట్టుకుని, మడ్‌గార్డు కింద కూరుకుపోయి, చక్రాన్ని పట్టేస్తుంది. ఆ తరువాత మనిషిని సైకిలు మోయదు, సైకిలునే మనిషి మోస్తాడు. చలికాలంలో చెరుకు లోడ్లతో ట్రాక్టర్లు రోడ్డెక్కుతాయి. ఎండాకాలంలో తొమ్మిది దాటితే మాడు కాలుతుంది. అయినా ఇవన్నీ కొన్ని రోజులకే వచ్చే అడ్డంకులు. కర్మల్లో నిత్యం, నైమిత్తికం అని విభాగం ఉన్నట్టే ఇక్కడ దారి నిత్యం, ట్రైనర్ నైమిత్తికం. ఈ తేడా మరచినవాడు నైమిత్తికానికి నిత్యానికి పెట్టవలసినంత ఖర్చు పెడతాడు.

‘నిలిపి సాగింప’ అన్నచోట విరోధాభాసం. నిలిపితే సాగదు, సాగితే నిలవదు. కానీ తెలుగునాట ఈ విరోధం ఏనాడో తీరిపోయింది. నల్ల సైకిలుకు ఉండే రెండు కాళ్ల స్టాండు వేస్తే వెనుక చక్రం నేలకు అంటకుండా లేస్తుంది. పెడల్ అందీ అందని పిల్లలు దాని మీదే ఊరు కదలకుండా ఊర్లు తిరిగారు. కత్తులకు సాన పట్టేవాడు మరో అడుగు ముందుకు వేశాడు. స్టాండేసిన సైకిలు చక్రానికి పట్టీ తగిలించి, దాంతో సానరాయి తిప్పి, కూర్చున్న చోటే తొక్కి సంపాదించాడు. తొక్కుడుకు రాయి అడ్డుపడుతుంది, కాలికి బలం పడుతుంది, ఊరి కొడవళ్లు పదునెక్కుతాయి. ఇప్పటి ట్రైనర్ ఇందులో మొదటి రెండు పనులే చేస్తుంది. మూడోది చేయకపోగా డబ్బు అడుగుతుంది.

ఇప్పుడు అసలు చర్చ. మూలంలో ‘చక్రము’ అని ఏకవచనం ఉంది. నిలిచేది ఏ చక్రం? జవాబును బట్టి ట్రైనర్లు మూడు జాతులు.

ఏ చక్రమూ నిలవదనేది మొదటి పక్షం. దీని పరికరం రోలర్లు. మూడు డోళ్ల మీద రెండు చక్రాలూ తిరుగుతాయి, సైకిలును ఏదీ పట్టి ఉంచదు. నిలదొక్కుకోవడం నేర్చుకోవాలి, నేర్చుకునే లోపు గోడను రెండు మూడు సార్లు గుద్దుకోవాలి. సాధారణ ఆరోహికి ఇది అనుకూలం కాదు.

ముందు చక్రం నిలుస్తుంది, వెనుకది తిరుగుతుందనేది రెండో పక్షం. వెనుక ఇరుసును రెండు వైపులా గిన్నెల్లాంటి పట్టులు బిగించి పట్టుకుంటాయి. టైరు వెళ్లి ఒక చిన్న రోలరుకు ఒత్తుకుంటుంది. ఆ రోలరు చివర తొక్కుడుకు అడ్డుపడే యంత్రం ఉంటుంది. ఇది చక్రం తగిలే రకం.

వెనుక చక్రాన్ని ఊడదీసి పక్కన పెట్టాలనేది మూడో పక్షం. గొలుసును నేరుగా యంత్రానికున్న పళ్లచక్రాలకే తగిలిస్తారు. దీన్ని డైరెక్ట్ డ్రైవ్ అంటారు. టైరు అరగదు, జారదు, చప్పుడు తక్కువ. ధర మాత్రం చక్రం తగిలే రకానికి కొన్ని రెట్లు. ‘స్వల్ప ధనుడు’ అన్న పదం ఈ పక్షాన్ని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. కాబట్టి మూలకర్త ఉద్దేశించింది ముందు చక్రమే. ఏకవచనం సార్థకం.

‘మొదట శబ్ద మెంచి’. సొమ్ముకన్నా ముందు శబ్దాన్ని ఎందుకు చెప్పాడని కొందరు ఆక్షేపిస్తారు. డబ్బు చాలకపోతే ట్రైనర్ ఇంట్లోకి రాదు, అంతే. చప్పుడు ఎక్కువైతే వచ్చిన ట్రైనర్ కూడా మూలకు పోతుంది. తెల్లవారి అయిదింటికి పసిపిల్లో ముసలమ్మో లేచి కూర్చున్న ఇంట్లో ఆ వ్యాయామం వారం దాటదు. జహీరాబాద్ ప్రాంతపు ఇళ్లలో పొద్దున్నే జొన్న రొట్టెలు తట్టే చప్పుడు ఎవరికీ కొత్త కాదు, దానికి ఎవరూ మేల్కోరు కూడా. ట్రైనర్ ఆ చప్పుడును మించకపోతే చాలు.

చప్పుడు అడ్డుపడే యంత్రాన్ని బట్టి మారుతుంది. గాలి రకంలో రోలరు ఒక పంకాను తిప్పుతుంది, ఆ పంకా గాలితో పోట్లాడుతుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలు, పెట్టవలసిన శక్తి ఎనిమిదింతలు. తొక్కడానికి ఇది నిజమైన దారిలాగే అనిపిస్తుంది, వినడానికి మాత్రం తూర్పారబట్టే మిషనులా ఉంటుంది. అయస్కాంత రకంలో లోహపు పలక అయస్కాంతాల మధ్య తిరుగుతుంది. ఆ పలకలో సుడి విద్యుత్తు పుట్టి, తిరుగుడును వెనక్కి లాగుతుంది. ఈ సుడి విద్యుత్తును ఫ్రాన్సులో ఫూకో 1855లో కనుగొన్నాడు. యంత్రంలో ఒకదానికొకటి రాసుకునే పని లేదు గనుక అడ్డుపడటంలో చప్పుడు తక్కువ, అరుగుదలా తక్కువ. హ్యాండిల్‌కు బిగించే మీట ఒకటి ఉండి, అడ్డును మెట్లు మెట్లుగా పెంచుతుంది. గేర్లు లేని సైకిలుకు ఆ మీటే గేరు. ద్రవ రకంలో సిలికాన్ నూనెలో చిన్న రెక్కలు తిరుగుతాయి. వేగం పెరిగినకొద్దీ అడ్డు దానంతట అదే దారిమీదలా పెరుగుతుంది. మీట అవసరం లేదు, మెత్తగా ఉంటుంది. ధర అయస్కాంతం కన్నా ఎక్కువ. మూత సీలు పాడైతే నూనె కారుతుంది, కారిందంటే ఊళ్లో బాగుచేసేవాడు దొరకడు.

యంత్రానికే చప్పుడంతా అంటగట్టడం కూడా పొరపాటు. సగం మోత టైరుదే. గుబ్బల టైరు రోలరు మీద తిరిగితే ఏ అయస్కాంతమూ ఆ గోలను ఆపలేదు. నున్నటి టైరు, అదీ అరిగి పక్కన పారేసినది, వెనుక చక్రానికి తొడిగితే చప్పుడు తగ్గుతుంది, మంచి టైరూ మిగులుతుంది. గాలి నిండుగా కొట్టి, జారకుండా ఉండేంత ఒత్తిడి పెట్టాలి. మరీ ఒత్తితే టైరు వేడెక్కి పొడి రాలుస్తుంది.

‘చోటు నెంచి’. చోటంటే మంచమంత స్థలమని చెప్పి ముగించవచ్చు. అది సగం అర్థమే. ట్రైనర్‌కు ఇంట్లో చోటు ఉన్నట్టే, సైకిలుకు ట్రైనర్‌లో చోటు ఉండాలి. ఇక్కడే చాలామంది మోసపోతారు. నల్ల సైకిలు చక్రాన్ని, కొత్త రోడ్డు సైకిలు చక్రాన్ని పేరుకు రెండింటినీ 28 అంగుళాలనే అంటారు. కానీ రిమ్ము కొలత మొదటిదానికి 635 మిల్లీమీటర్లు, రెండోదానికి 622. కొండదారి సైకిలుగా అమ్మే 26 అంగుళాల రకానికి 559. ట్రైనర్లు ఎక్కువగా చివరి రెండింటినీ దృష్టిలో పెట్టుకుని చేసినవే. నల్ల సైకిలుకు ఇంకో చిక్కుంది. దాని స్టాండు కాళ్లూ క్యారియర్ కడ్డీలూ వెనుక ఇరుసుకే నట్లతో బిగించి ఉంటాయి, అందువల్ల పట్టుకునే గిన్నెలకు చోటు మిగలదు. ట్రైనర్ ఎక్కాలంటే స్టాండు ఊడాలి, స్టాండు ఊడితే అది నల్ల సైకిలు కాదు. గేర్ల సైకిళ్లలో చాలావాటికి ఈ బాధ లేదు. వాటి వెనుక ఇరుసులోని క్విక్ రిలీజ్ కడ్డీ మార్చి, ట్రైనర్‌తో వచ్చే ఇనుప కడ్డీ వేస్తే సరిపోతుంది.

ఇంటిలోని చోటు విషయంలో తాండూరు, షాబాదు బండలు పరిచిన ఇళ్లు ఒక విధంగా అదృష్టం, ఒక విధంగా కాదు. బండ అదరదు, కింది ఇల్లు లేదు గనుక ఎవరూ కర్రతో పైకప్పు పొడవరు. కానీ రెండు బండల అతుకు మీద కాలు పడితే ట్రైనర్ ఊగుతుంది. పాత రబ్బరు చాప పరిస్తే తీరిపోతుంది. వెనుక చక్రం కాస్త లేస్తుంది గనుక ముందు చక్రం కింద ఎత్తు కావాలి. దీనికోసం ప్లాస్టిక్ దిమ్మె విడిగా అమ్ముతారు. ఇటుక దిమ్మె పని చేస్తుంది, ఇటుక ఇంట్లోనే ఉంటుంది.

చోటుతో పాటు గాలి సంగతి కూడా వస్తుంది. మనిషి తొక్కినప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తిలో సుమారు నాలుగో వంతే పెడల్‌కు చేరుతుంది, మిగిలినదంతా వేడి. వంద వాట్లతో తొక్కేవాడు మూడు వందల వాట్ల వేడి పుట్టిస్తాడు, అంటే మూడు పాతకాలపు వంద వాట్ల బల్బులు ఒకేసారి వెలిగినట్టు. దారి మీద గాలి దాన్ని ఎగరగొడుతుంది, అర్రలో అది అక్కడే కూర్చుంటుంది. అందుకే ఫ్యాను లేని ట్రైనర్ పూర్తి కొనుగోలు కాదు. చెమట హ్యాండిల్ మీద, నట్ల మీద కారి తుప్పు పట్టిస్తుంది. ఒక తువ్వాలు కప్పితే చాలు, దానికోసం ప్రత్యేకమైన గుడ్డ కొననక్కర్లేదు.

‘సొమ్ము లెక్కించుచు’. ‘లెక్కించి’ అనక ‘లెక్కించుచు’ అన్నాడు, వర్తమానం వాడాడు. కొనే క్షణంలోనే కాదు, తరువాత కూడా లెక్క సాగుతుందని దీని భావం. తెలివైన ట్రైనర్లని పేరున్నవి ఫోనుతో మాట్లాడతాయి, తెర మీద బొమ్మకొండ ఎక్కిస్తాయి. 2014లో మొదలైన జ్విఫ్ట్ లాంటి ఆటలు వీటితోనే పేరు తెచ్చుకున్నాయి. కానీ వాటికి నెలనెలా చందా, పక్కనే ప్లగ్గు, తెగని నెట్‌వర్క్ కావాలి. తొక్కుతుండగా కరెంటు పోతే కొండ మాయమవుతుంది, చాలా యంత్రాల్లో అడ్డు కూడా పోతుంది. మామూలు అయస్కాంత ట్రైనర్‌కు కరెంటుతో పనే లేదు. 2020 లాక్‌డౌన్‌లో ఎందరో ట్రైనర్లు కొన్నారు. దార్లు తెరుచుకున్నాక వాటిలో చాలావరకు తడిబట్టలు మోస్తున్నాయి. ఆ బట్టలు తీయించి సగం ధరకు తెచ్చుకోవడం స్వల్ప ధనుడికి ఉత్తమ మార్గం. తెచ్చేముందు రోలరు చేత్తో తిప్పి, గరగర లేదని, నూనె కారలేదని చూడాలి.

చివరి పాదానికి అన్వయాలు రెండు. ‘కొనుట మేలు, లేక, కునుకు మేలు’ అని విరిస్తే, సరైనది కొను, కుదరకపోతే పడుకో అని అర్థం. ‘కొనుట మేలు లేక, కునుకు మేలు’ అని విరిస్తే, కొనడం వల్ల మేలేమీ లేదు, పడుకోవడమే నయమని అర్థం. మొదటిది గేర్ల సైకిలు ఉన్నవాడికి, రెండోది లేనివాడికి చెల్లుతుంది. రెండు అన్వయాలూ సాధువులే.

తాత్పర్యం: న్యాల్‌కల్‌లో గేర్ల సైకిలున్న సాధారణ ఆరోహికి చక్రం తగిలే అయస్కాంత ట్రైనర్, నున్నటి పాత టైరు, ఒక ఇటుక, ఒక ఫ్యాను చాలు. చప్పుడు అసలే పనికిరాని ఇంట్లో, చేతిలో మరికొంత డబ్బుంటే ద్రవ రకం. నల్ల సైకిలు ఒక్కటే ఉన్నవాడు ఏదీ కొనరాదు. వాన వెలిసేదాకా దానికి స్టాండేసి ఉంచాలి.