ఒక వ్రాతబల్ల ఆత్మకథ

నాది టేకు కట్టె. గోదావరి ఎగువ అడవులలో పుట్టి, తెప్పలలో కట్టబడి, ప్రవాహము వెంబడి రాజమహేంద్రవరమునకు దిగివచ్చి, వడ్రంగి చేతిలో వ్రాతబల్లనై, ఆర్ట్సు కళాశాలలో ఒక కిటికీ ప్రక్కన చోటు సంపాదించుకొంటిని. 1835లో మెకాలే దొర వాదించి నెగ్గించినదియు, 1857లో చెన్నపురి విశ్వవిద్యాలయ స్థాపనముతో మన ప్రాంతమున వేరూనినదియు నగు ఆ యాంగ్లవిద్యకు ప్రయోజనమేమో నాపై పుస్తకములు పెట్టుకొన్నవారికి చక్కగా తెలియును: పరీక్ష నెగ్గవలెను, కాకినాడ కలెక్టరు కచేరీలో గుమాస్తా పని దొరకవలెను, ప్రాప్తమున్నచో మునసబు కావలెను.

అయితే ఆ పట్టాకై వల్లెవేయవలసిన గ్రంథములలోనే తిరకాసుండెను. పాలకుని ప్రశ్నించు హక్కు ప్రజకు గలదని మిల్టను కవి వ్రాసిన దేశపు సాహిత్యమును ఆంగ్లేయ పండితుడే బిగ్గరగా చదివి, మావారి ఉచ్చారణ దిద్ది, మార్కులు సైతము వేయుచుండెను. దీనినిబట్టి ఆంగ్లవిద్యయే మనకు దేశభక్తిని ప్రసాదించెనని కొందఱు వ్రాయుదురు, నేనొప్పుకొనను. స్వాతంత్ర్యమును గూర్చి పుటలకు పుటలు కంఠస్థము చేసినవారిలో అధికులు పట్టా చేతికందగానే దానిని మఱచి, నిశ్చింతగా కొలువులలో కుదురుకొనుట నేనెఱుగుదును.

పిదప నన్ను ఆ యూరనే యున్న ట్రైనింగు కళాశాలకు తరలించిరి. అప్పటికి వంగ విభజనము జరిగియుండెను. దానిని నిరసించు వంగ నాయకుడు బిపిన్ చంద్రపాలుగారు 1907 ఏప్రిలులో ఊరికి వచ్చి ఆంగ్లమున ఉపన్యసింపగా, చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు దానిని తెనిగించి సభకు వినిపించిరని కుఱ్ఱవాండ్రు చెప్పుకొనుచుండగా వింటిని. అంతవఱకు పరీక్షకే పరిమితమైన స్వాతంత్ర్యపు మాట, ఏ పరీక్షకును కూర్చుండని వారి చెవిని బడినది అప్పుడే. ఆ దినములలోనే మా తరగతివారు కోటులపై వందేమాతరం పతకములు ధరించి వచ్చిరి. ఒకని గుండుసూది వంకరపోగా, దానిని నా అంచున నొక్కి తిన్నగా చేసికొని మరల గుచ్చుకొనెను. ఆ గాటు నాపై నేటికిని కలదు.

పతకములు తీయవలసినదని ఆజ్ఞ వచ్చెను. మా కళాశాల విద్యార్థియగు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు తలయొగ్గలేదు. ఆయనను కళాశాలనుండి వెడలగొట్టి, సర్కారు కొలువునకు అనర్హునిగా నిర్ణయించిరి. కొలువు మీది యాశయే ఆ చదువునకు కళ్ళెమని ఎఱుగకనే, దొరతనమువారు దానిని తమ చేతులతోనే తెంచివేసిరి! ఆయన బెజవాడ చేరి స్వరాజ్య పత్రిక నడపి, అందలి యొక వ్యాసమునకై 1908లో కారాగారమునకేగిరి. 1910లో కోపల్లె హనుమంతరావుగారును వారి మిత్రులును సర్కారు పట్టా నాశింపని విద్యార్థులకై బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి.