కేకు మీద బొమ్మ: ఒక్క రాత్రిలో వచ్చేసే విద్య

ఇప్పుడు కేకంటే పైన బొమ్మ ఉండాల్సిందే. పాప పుట్టినరోజుకు యూనికార్న్, కుర్రాడి పెళ్లికి బుల్లెట్ బండి, షష్టిపూర్తికి ఏకంగా దంపతులు. పాకం పట్టి, చెక్క అచ్చుల్లో పోసి పంచదార చిలకలు తీసిన మన పెద్దవాళ్లు ఇలాంటి పనికి ఓపిక కావాలనుకునేవారు. పాపం, వాళ్లకు రీల్స్ లేవు. అర నిమిషం వీడియోలో బొమ్మ లేచి కూర్చుంటుంటే మనకు మాత్రం ఎందుకు రాదు?

రాజమండ్రిలో, మే నెలలో, రేపు సాయంత్రానికి ఇవ్వాల్సిన షష్టిపూర్తి కేకు ఒకటి తీసుకుందాం. ఆ ఇంటి కోడలు ఫోన్ చేసింది: "అక్కా, మా మావయ్యగారు, అత్తయ్యగారు అచ్చం అలాగే ఉండాలి." మీరు "అదెంత పనమ్మా" అనేశారు. ఇక ఈ సూచనలు తు.చ. తప్పకుండా పాటించండి.

1. రాత్రి భోజనాలయ్యాకే మొదలుపెట్టండి

పావుకిలో ఫాండెంట్‌లో (అంటే బొమ్మలు చేసే పంచదార ముద్దలో) ఒక టీస్పూను సీఎంసీ పొడి కలిపి పిసికి, గాలి తగలకుండా చుట్టి, రాత్రంతా పక్కన పెట్టాలని చేయి తిరిగినవాళ్లు చెబుతారు. అప్పుడది సాగకుండా, చెప్పినట్టు నిలబడుతుందట. చేసిన బొమ్మ ఆరడానికి మళ్లీ రెండు మూడు రోజులట. అంటే కేకు కంటే మూడు నాలుగు రోజుల ముందే బొమ్మ మొదలవ్వాలన్నమాట. వాళ్లకు వేరే పనుల్లేవు కాబోలు. ఆలస్యం అమృతం విషం. ప్యాకెట్ చింపండి, మొదలుపెట్టండి. మావయ్యగారు నిలబడలేకపోతే కూర్చోబెట్టండి. కూర్చోలేకపోతే పడుకోబెట్టండి. అరవై ఏళ్లు నిండిన మనిషికి విశ్రాంతి అవసరమే కదా.

2. మోడలింగ్ చాక్లెట్‌కు తూకం వద్దు

ఫాండెంట్ బదులు చాక్లెట్ ముద్దతోనూ బొమ్మలు చేస్తారు. డార్క్ చాక్లెట్ అయితే దాని బరువులో సగం లిక్విడ్ గ్లూకోజ్, వైట్ చాక్లెట్ అయితే అంతకంటే తక్కువ. ఇలాంటి లెక్కలు కిరాణా కొట్టువాళ్లకు. మీరు గ్లూకోజ్ డబ్బాను వంచి, చాలనిపించేదాకా పోయండి. ముద్ద కట్టగానే గరిటె ఆపేయాలని, ప్లాస్టిక్ కవర్లో చుట్టి కొన్ని గంటలు కదపకూడదని ఎవరైనా అంటే నమ్మకండి. వేడి మీదే చపాతీ పిండిలా పిసకండి. కాసేపటికి వేళ్ల సందుల్లోంచి నూనె కారుతుంది. మీరెంత కష్టపడ్డారో చెప్పడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కోకో బటర్ దాదాపు 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మన ఒంటి వేడి 37. రాజమండ్రిలో మే నెల మధ్యాహ్నం 40 దాటడం మామూలే. అంటే చాక్లెట్‌కు మీ చెయ్యీ శత్రువే, ఊరూ శత్రువే. అందుకే కొందరు ఏసీ గదిలో కూర్చుని, చేతులు చన్నీళ్లలో ముంచి, తడి లేకుండా తుడుచుకుని, ముద్దను మధ్యమధ్యలో పక్కన పెడుతూ చేస్తారు. మీకు కరెంటు బిల్లు ముఖ్యం. పొయ్యి పక్కనే కానివ్వండి.

3. రంగు ధారగా పోయండి

అత్తయ్యగారి పట్టుచీర ఎర్రగా ఉండాలి. జెల్ కలర్ టూత్‌పిక్ మొనతో అంటించి, ఒక ఛాయ తక్కువలోనే ఆపి, రాత్రంతా ఉంచితే ఎరుపు దానంతటదే ముదురుతుంది. కానీ మీ దగ్గరున్నది నీళ్లలాంటి రంగు సీసా. సగం ఒంపండి. ముద్ద చేతికి అంటుకుంటుంది. ఐసింగ్ షుగర్ వేయండి. చీర గులాబీ రంగులోకి దిగుతుంది. మళ్లీ రంగు, మళ్లీ షుగర్. తెల్లారేసరికి అత్తయ్యగారికి చీరతో పాటు నలుగురు ముత్తైదువలకు జాకెట్టు ముక్కలు కూడా వస్తాయి. ఇదే రంగును కరిగిన వైట్ చాక్లెట్‌లో పోస్తే అది గరుకు గరుకుగా బిగుసుకుపోతుంది. చాక్లెట్‌కు నూనెలో కలిసే రంగులు వేరే ఉన్నాయంటే అది దుకాణదారుడి కుట్ర అనుకోండి.

జరీ అంచుకు ఫ్యాన్సీ షాపులో మెరుపుల పొడి దొరుకుతుంది. డబ్బా మీద "విషం కాదు" అని రాసి ఉంటే చాలు. విషం కానిదల్లా తినేది కాదని పేచీలు పెట్టేవాళ్లుంటారు. 2024 ఫిబ్రవరిలో తినకూడని రోడమిన్-బి రంగు బయటపడి తమిళనాడులో పీచుమిఠాయి అమ్మకాలనే నిషేధించారు. అది పీచుమిఠాయి గొడవ. మనది కేకు.

4. ఫోటోలో ఉన్నదంతా దించండి

మనిషిని గుర్తుపట్టించేది ముక్కు కాదు. మావయ్యగారంటే కళ్లజోడు, బట్టతల, గుబురు మీసం, భుజం మీద కండువా. అత్తయ్యగారంటే పెద్ద బొట్టు, ముడి, ముడిలో మల్లెలు. ఇవి కుదిరితే కళ్లు రెండు నల్ల చుక్కలైనా చాలు, ఇంట్లో చంటిపిల్లాడు కూడా "తాతయ్య" అనేస్తాడు. మీరు ఆ సులువు దారి పట్టకండి. ఉసిరికాయంత తలకాయలో ముక్కుపుటాలు, పెదవుల మడతలు, నుదుటి మీద గీతలు, పుట్టుమచ్చ అన్నీ చెక్కండి. ప్రతి గీతకూ ముఖం కొంచెం కుంగుతుంది. కుంగినచోట ఇంకో ఉండ అతికించండి. అతుకు కనిపిస్తే కార్న్‌ఫ్లోర్ చల్లండి. తెల్లటి మచ్చలు పడి, ఆరాక సన్నటి బీటలు వస్తాయి, వయసు బాగా తెలుస్తుంది. వినాయకుణ్ని చేయబోతే కోతి అయిందని ఇంట్లోవాళ్లు నవ్వితే, కార్టూన్ స్టైల్ అని చెప్పండి.

5. చెయ్యి ఊడితే నీళ్లు, తల వాలితే పుల్లలు

చిటికెడు సీఎంసీ పొడి రెండు చెంచాల నీళ్లలో నానేస్తే తినదగ్గ జిగురు తయారవుతుంది. బ్రష్ కొసతో తాకిస్తే భుజం పట్టుకుంటుంది. మీరు గ్లాసులో వేలు ముంచి రుద్దండి. పంచదార కరిగి, చెయ్యి మెల్లగా జారి మోచేతి దగ్గర ఆగుతుంది. తల నిలవకపోతే టూత్‌పిక్‌లు గుచ్చండి, ఎన్ని పడితే అన్ని. పచ్చి స్పగెట్టి పుల్ల పెడితే పొరపాటున నోట్లోకి వెళ్లినా ప్రమాదం ఉండదని, టూత్‌పిక్ పెడితే ముందే పార్టీకి చెప్పాలని పెద్దలంటారు. ముందే చెప్పేస్తే మనవడికి ఆ ఆశ్చర్యం ఎక్కడుంటుంది?

6. బొమ్మను ఫ్రిజ్‌లో పెట్టండి

అన్నం, కూరలు, పాలు అన్నీ ఫ్రిజ్‌లోనే బాగుంటాయి, బొమ్మకేం? చల్లటి బొమ్మ బయటికి రాగానే గాలిలోని తేమంతా దాని మీద వాలుతుంది. గోదావరి ఒడ్డున ఆ తేమకు కొదవలేదు. దంపతులిద్దరికీ చెమటలు పడతాయి. అది చాలకపోతే తడి విప్పింగ్ క్రీమ్ మీద ముందురోజే కూర్చోబెట్టండి. క్రీమ్‌లోని నీటికి ఫాండెంట్ అడుగు నుంచి కరుగుతూ వస్తుంది. తెల్లారేసరికి మోకాళ్ల దాకా దిగబడతారు. కింద గనాష్ పూసి, చాక్లెట్ బిళ్ల మీద బొమ్మను నిలిపి, కోసే ముందు పెట్టేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ధైర్యం తక్కువ.

7. ఏం కలిసిందో ఎవరికీ చెప్పకండి

కొన్ని ఫాండెంట్లలో, మార్ష్‌మెలోలతో ఇంట్లో చేసుకునేదాంట్లో కూడా, జెలటిన్ ఉంటుంది. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తుందో లేదో చూడటానికి క్షణం పట్టదు. కానీ చూస్తే చెప్పాల్సి వస్తుంది. పూజ చేసుకుని పీటల మీంచి లేచిన పుణ్యదంపతులతో అలాంటి మాటలేల?

8. స్కూటర్ మీద తీసుకెళ్లండి

బొమ్మల్ని విడిగా చిన్న డబ్బాలో పట్టుకెళ్లి, ఫంక్షన్ హాల్లో అమర్చడం పిరికివాళ్ల పద్ధతి. మీరు ఇంట్లోనే అమర్చి, ఫోటో తీసి, స్టేటస్ పెట్టి, ఆ తర్వాత స్కూటర్ ముందు పెట్టుకుని బయల్దేరండి. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర మావయ్యగారు అత్తయ్యగారి కాళ్ల మీద పడతారు. ఇన్నేళ్ల కాపురంలో జరగనిది ఇప్పుడైనా జరిగిందని ఆవిడ సంతోషిస్తారు.

9. బొమ్మకు డబ్బులు అడక్కండి

కేకు కిలో లెక్కన అమ్మండి. బొమ్మ బరువు గుప్పెడే కాబట్టి దాని ధర కూడా గుప్పెడే. పోయిన నిద్ర, పిసికిన వేళ్లు, ఆరబెట్టాల్సిన రోజులు బిల్లులో రాయడానికి గడి ఉండదు. "బొమ్మ మా తరఫున ఫ్రీ అమ్మా" అనండి. దారిలో చెయ్యి విరిగిందని కోడలు ముఖం మాడ్చుకుంటే కేకు డబ్బుల్లోంచి తగ్గించండి. ఊరికే ఇచ్చినదానికి జరిమానా కూడా మనమే కట్టుకునే వ్యాపారం ఇంకోటి దొరకడం కష్టం.