చికాగోలో మొదటి రోజు: అందరూ వద్దన్నవే చెయ్యి

ఎమ్మెస్‌కి చికాగో వచ్చే పిల్లలకి నేను చెప్పే సలహాలు మా ఇంట్లోవాళ్ళకే నచ్చవు. భయపెడుతున్నావంటారు. అయినా చెప్తాను. తొలిరోజు కష్టాన్ని ఎవరో ఒకరు మోసేస్తే ఈ ఊరు నీదయ్యేసరికి ఏడాది పడుతుంది. నేనలాగే ఏడాది పోగొట్టుకున్నాను.

ముందుగా, ఎయిర్‌పోర్టుకి ఎవర్నీ రమ్మనకు. కారు తెస్తానన్న సీనియర్ మంచివాడే, కానీ వద్దని చెప్పు. అంతర్జాతీయ విమానాలు ఎక్కువగా దిగే ఐదో టెర్మినల్ నుంచి ఎయిర్‌పోర్టు లోపలి రైల్లో రెండో టెర్మినల్‌కి వెళ్తే అక్కడే ఊళ్ళోకెళ్ళే బ్లూ లైన్ రైలు దొరుకుతుంది. రాత్రీ పగలూ నడుస్తుంది, ముప్పావుగంటలో ఊరి నడిబొడ్డున దింపుతుంది. కార్లో వెనకసీట్లో కూర్చుంటే మన ఊళ్ళ గురించీ సినిమాల గురించీ మాట్లాడుకుంటూ నిద్రపోతావు. నేనలాగే వచ్చాను, దారిలో ఒక్క వీధీ చూళ్ళేదు. రైలు చాలా దూరం హైవే మధ్యలోంచే పోతుంది. డ్యూటీ దిగి ఇంటికి పోతున్న ఎయిర్‌పోర్టు పనివాళ్ళు నీ పక్కనే కునుకు తీస్తుంటారు. ఊరి మొహం చూడాలంటే అక్కడ చూడాలి.

రెండు పెట్టెలతో రైలెలా ఎక్కాలంటావా? ఒకటే తెచ్చుకో. 23 కిలోలవి రెండు తీసుకెళ్ళనిస్తారని రెండూ నింపక్కర్లేదు. కుక్కరు, అట్లపెనం, పోపులడబ్బా అన్నీ మనవాళ్ళ కొట్లుండే డెవాన్ ఎవెన్యూలో ఉన్నాయి. మన సరుకులమ్మే పటేల్ బ్రదర్స్ మొదటి కొట్టు 1974లో తెరిచింది ఆ వీధిలోనే. ఆవకాయ, పొడులు మాత్రం అమ్మచేతివే తెచ్చుకో. తినేవి ఉన్నాయని కస్టమ్స్‌లో దాచకుండా చెప్పు. నాన్‌వెజ్ పచ్చళ్ళ జోలికి పోకు. యూనివర్సిటీ ఇచ్చిన ఐ-ట్వంటీ కాయితం చేతిసంచీలో ఉండాలని నీకు ఇప్పటికే వందమంది చెప్పుంటారు.

గదికి చేరి స్నానం చేశాక పడుకోకు. బయటికెళ్ళి దారి తప్పు. వెలుతురుండగానే, ఫోను జేబులో పెట్టుకుని, మ్యాప్ తెరవకుండా నడు. ఆగస్టులో రాత్రి ఏడున్నర దాటినా వెలుతురుంటుంది. దారి తప్పడానికి ఇంతకన్నా మంచి ఊరు లేదని నా నమ్మకం. స్టేట్, మాడిసన్ వీధులు కలిసే చోటు సున్నా. అక్కణ్ణుంచి చాలావరకు మైలుకి 800 చొప్పున ఇంటి నంబర్లు పెరుగుతాయి. ఈ లెక్క 1909 నుంచీ ఉంది. డెవాన్ 6400 నార్త్ అంటే నడిబొడ్డు నుంచి ఎనిమిది మైళ్ళన్నమాట. లెక్క మర్చిపోతే నీళ్ళు వెతుక్కో, మిషిగన్ సరస్సు ఎప్పుడూ తూర్పునే ఉంటుంది. నేను కాకినాడవాణ్ణి, పుట్టిందగ్గర్నుంచీ నాకు తూర్పంటే నీళ్ళే. ఆ ఒడ్డున నిలబడ్డ రోజు అలలున్నాయిగానీ ఉప్పువాసన లేదు. దూరం వచ్చేశానని అప్పుడు తెలిసింది.

దారి తప్పానని దిగులేస్తే వివేకానందుణ్ణి తలుచుకో. 1893లో ఇదే ఊళ్ళో చిరునామా పోగొట్టుకుని, ఆ రాత్రి రైల్వే యార్డులో గడిపాడని ఆయన జీవితచరిత్రలు రాసినవాళ్ళు చెప్తారు.

డాలర్లని రూపాయల్లో లెక్కకట్టొద్దని అందరూ అంటారు. నేను కట్టమంటాను. నువ్వు చదువుకుంటున్నా లోను మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది, ఆ సంగతి తొలిరోజే చేతికి తగలాలి. అన్నం, కూరలు, పళ్ళు మాత్రం ఆ లెక్కలోకి తేకు. తిండిదగ్గర లెక్కకట్టి నేను నెలరోజులు బ్రెడ్డు తిన్నాను.

ఇక ఇంటికి ఫోను. “అంతా బావుందని చెప్పు, అమ్మని కంగారు పెట్టకు” అంటారు. ఆ మాట వినకు. బాగోకపోతే బాగోలేదనే చెప్పు, ఏడుపొస్తే ఏడువు. నేను రాత్రి తొమ్మిదికి చేశాను, అక్కడ పొద్దున్న ఏడున్నర.

“అన్నం తిన్నావా?” అంది అమ్మ.

“తిన్నా.”

“ఏం కూర?”

ఒక్క కూర పేరూ నోటికి రాలేదు. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. తర్వాత అమ్మే అంది: “పెట్టెలో చీరముక్కలో చుట్టి కందిపొడి పెట్టాను. నీ గదిలోవాళ్ళ కుక్కరడిగి గ్లాసుడు బియ్యం పడెయ్యి. నెయ్యి లేకపోయినా పర్లేదు. ఫోను పెట్టకు, విజిలొచ్చేదాకా నేనిక్కడే ఉంటాను.”