జానెడు జలపాతము

జలపాతముల యెత్తును జనులు అడుగులలో చెప్పుకొందురు. ఎత్తిపోతల 70 అడుగులనియు, కుంతాల 147 అడుగులనియు, తలకోన 270 అడుగులనియు దారి చూపువారు మొదలు దారి తప్పినవారి వరకు అందరును తడుముకొనక పలుకుదురు. వానకారు పొంగులో తుంపర దట్టమై క్రింది బండయే కానరానప్పుడు గజముబద్ద పట్టుకొని నిలిచిన మహానుభావుడెవరో గాని, ఆ లెక్కలతో నాకు తగవు లేదు. నేను చెప్పబోవు జలపాతము వేరు. దాని యెత్తు ఒక్క జానెడు. అది నా మూతి యంచున పుట్టి, తలయెత్తి నోరు తెరచినవారి గొంతులో అంతరించునది. నేను మరచెంబును, ముప్పదితొమ్మిదేండ్లు ఒక దంపతుల వెంట కొండలును కోనలును తిరిగినదానను.

నా జన్మస్థానము నాటి పశ్చిమ గోదావరి జిల్లాలో తణుకు చేరువనున్న అజ్జరము. ఇత్తడిపనికి పేరెన్నికగన్న ఆ యూరిలో కోడికూతకు ముందే సుత్తిదెబ్బ వినవచ్చును. రాగియు తుత్తునాగమును మూసలో కరగి యొకటి కాగా, మట్టి అచ్చున పోతపోసి, తరిమెన పట్టి, మెడకు మరచుట్లు కోసిరి. సామాన్యమైన చెంబునకును నాకును గల భేదమంతయు ఆ చుట్లలోనే యున్నది. మూత లేని చెంబు ఇంటిలో నుండును, మూత బిగిసిన చెంబు పొలిమేర దాటును. పులుపు తగిలిన ఇత్తడి చిలుమెక్కును గావున కళాయివాడు నన్ను బొగ్గుల కొలిమిపై బాగుగా కాచి, నవాసారము చల్లి, ఆ తెల్లని పొగ చూచువారి కండ్లను మండించుచుండగా తగరపు ముక్కను రాచి, దూదితో లోపల ఒక్క త్రిప్పు త్రిప్పెను. అంతటితో నా కడుపులో వెన్నెల కాసినది.

1957వ సంవత్సరములో నన్ను ఒక యింటి పెండ్లికూతురి సారెలో పెట్టిరి. అల్లుడుగారు గుంటూరిలో ఒక హైస్కూలున భూగోళము చెప్పు పంతులుగారు. పటము గోడకు తగిలించి, బెత్తముతో నదులను చూపుటయే గాని నదిలో కాలు పెట్టి యెరుగరు. మా అమ్మగారో, కాలువగట్టున పెరిగిన పిల్ల. నడక ఆమెకు ఊపిరితో సమానము. అయితే ఆ కాలమున కొత్త కోడలు భర్తతో కూడి ఊరక కొండలు చూడబోవుదుననిన అత్తగారు నోటికి కొంగు అడ్డము పెట్టుకొని నవ్వుదురు, లేదా నవ్వకుందురు. రెండవది మొదటిదానికంటె ప్రమాదము. తీర్థమనిన మాత్రము పసుపు కుంకుమలు పొట్లము కట్టి, దారి బత్తెమునకు పులిహోర కలిపి, తామే సాగనంపుదురు. ఎత్తిపోతల యొద్ద దత్తాత్రేయుడు, కుంతాల యొద్ద సోమేశ్వరుడు, తలకోన యొద్ద సిద్ధేశ్వరుడు! నీరు దుమికిన ప్రతిచోటను ఒక దేవుని నిలిపిన మన పూర్వులు కొత్త దంపతులకు గావించిన యుపకారము ఇంతింతనరానిది.

మొదటి ప్రయాణము ఎత్తిపోతలకు. గుంటూరినుండి మాచెర్లకు మీటరుగేజి రైలు, అటుపై ఎడ్లబండి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము పనులు అప్పటికి ముమ్మరముగా సాగుచున్నవి గాన దారి పొడవునను లారీల ధూళి. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు అను మూడును కలిసి ఒక్కసారిగా అగాధమున బడి, కొంత దూరము కొండల నడుమ ఒదిగి సాగి కృష్ణలో కలియుచున్నవి. ఊరిలో నడచినట్లే అమ్మగారు ఇక్కడను నాలుగడుగులు వెనుక నడచుచుండెను. పంతులుగారు ప్రతి రాతియొద్దను నిలిచి, ఏ కాలు ముందు వేయవలయునో తీర్మానింపజాలక, దారి యడుగు నెపమున వెనుకకు చూచుచుండిరి. ఆమె పెదవి కొరుకుకొని, చూపుతోనే రాయి చూపుచుండెను.

దిగువకు చేరి నన్ను నింపిరి. పల్నాటి నాపరాళ్ళ నానుకొని వచ్చిన నీటికి సున్నపు జాడ కలదు. నాలుక లేకున్నను కడుపుతో రుచి చూచుదానను గనుక ఆ రుచి నాకు నేటికిని గుర్తున్నది. పంతులుగారు నన్ను జానెడెత్తున పట్టి, ఒక చుక్కయు పెదవికి తగులనీయక త్రాగిరి. పిదప నన్ను బండమీద నుంచిరి. అమ్మగారు ప్రక్కకు తిరిగి, అదే జానెడెత్తున పట్టి త్రాగెను. ఎంగిలి యను మాట ఎవరును పలుకలేదు. పలుకవలసిన పని లేదు, అది గాలిలోనే యుండెను.

“ఎత్తి పోస్తుంది గనక ఎత్తిపోతల. ఆ లెక్కన మన చెంబు కూడా ఎత్తిపోతలేనోయ్” అని పంతులుగారు తమ మాటకు తామే నవ్విరి.

“చిత్తం” అనెను అమ్మగారు. పెండ్లియైన యారవ నెలలో చిత్తము తప్ప మరియొక మాట పుట్టదు కాబోలు.

కుంతాలకు మేము వెళ్ళినది 1963 దసరా సెలవులలో. ఆదిలాబాదు అడవులలో అప్పుడే వానలు వెనుదీసినవి. టేకాకులు విస్తళ్ళంతేసి యై, ఒక్కొక్క చినుకును చేతితో పట్టి లెక్కించి విడుచుచున్నట్లు టపటపమనుచున్నవి. నేరేడిగొండ యొద్ద బస్సు దిగి కాలిబాట పట్టితిమి. కడెము నది అచ్చట ఒక్కుమ్మడిగా దుముకదు. బండనుండి బండకు దిగుచు, నడుమ గుండములలో కొంత నిలిచి, మరల దుముకును. కుంతాల యను పేరు కణ్వాశ్రమపు శకుంతలనుండి వచ్చినదని కొందరును, కుంటలనుండి వచ్చినదని కొందరును చెప్పుదురు. ఆ గుండములను చూచినదానను గనుక నేను రెండవవారి పక్షము. నేటి మెట్లు నాడు లేవు. పాచి పట్టిన బండపై పంతులుగారి కాలు జారినది. కూలబడిరి గాని దెబ్బ తగులలేదు. దెబ్బ నాకు తగిలినది. వారి చేతినుండి ఎగిరి, మూడు బండలపై మ్రోగి, గుండములో పడితిని.

అచ్చట పశువులను మేపుకొనుచున్న గోండు బాలుడొకడు వెదురుగడతో నన్ను గట్టుకు లాగి, అమ్మగారి చేతికిచ్చి, లోనికి తొంగిచూచి, “ఏర్” అనెను. ఆమె ఏరు అని వినెను. ఏరు అదుగో యని నదివైపు చేయి చూపెను. వాడు తల యడ్డముగా నూపి, నన్ను తట్టి, మరల “ఏర్” అనెను. వాని భాషలో ఆ మాటకు నీరని యర్థము. చెంబులో నీరున్నదని వాడు చెప్పుచున్నాడు. పంతులుగారికి ఈ సంగతి గ్రహింపునకు వచ్చుటకు ఒక నిమిషము పట్టినది. పిమ్మట జారిపడిన నొప్పి మరచి, అన్నదమ్ముల వంటి రెండు భాషలను గూర్చి పావుగంట యుపన్యసించిరి. బాలుడు పులిహోర తినుచు వినెను.

అసలు సంగతి తరువాత తెలిసినది. నా మూతి యంచు ఒకవైపు లోనికి ముడుచుకొని సొట్టపడినది. దప్పికతో పంతులుగారు యథాప్రకారము నన్ను జానెడెత్తున వంచిరి. ధార రెండుగా చీలినది. ఒకటి గడ్డముపై, మరియొకటి సూటిగా ముక్కులోనికి. వారు ఉక్కిరిబిక్కిరియై దగ్గుచుండగా అమ్మగారు నవ్వెను. కొంగు అడ్డము పెట్టుకొనక, కొండ మారుమ్రోగునట్లు నవ్వెను. ఆరేండ్ల సంసారములో ఆ నవ్వు నేను వినుట అదియే ప్రథమము. పంతులుగారు నాలుగు ప్రక్కలు చూచి, బాలుడు అవతలకు తిరిగియుండుట గమనించి, సొట్ట లేని వైపు పెదవి ఆనించి త్రాగిరి. త్రాగి, కడుగుదునా యన్నట్లు నీటివైపు కదలబోయిరి. అమ్మగారు చేయి చాచి నన్ను అందుకొనెను. కడుగలేదు. అదేవైపు, అదేచోట, పెదవి ఆనించినది. నిండుకుండ తొణకదందురు, ఆనాడు నేను సగమే యుంటిని, అయినను తొణకలేదు.

ఊరు చేరిన పిదప కళాయివాడు వచ్చి నన్ను త్రిప్పి చూచెను. “సొట్ట తీసేస్తానమ్మా, అర్ధరూపాయి ఇప్పించండి.”

“వద్దులే. సుత్తి తగిలితే మూతి పల్చబడిపోతుంది” అనెను అమ్మగారు.

పంతులుగారు చదువుచున్న పత్రికనుండి తల యెత్తలేదు, పుటయు త్రిప్పలేదు.

ఆ సొట్ట వలన మూత బిగియుట చిక్కైనది. ముందు ఒక చుట్టు వెనుకకు త్రిప్పి, అటుపై ముందుకు త్రిప్పి, చివర బొటనవ్రేలితో ఒకింత నొక్కవలెను. ఈ మర్మము అమ్మగారి చేతికొక్కదానికే తెలియును. తెలిసినను నడచునప్పుడు బొట్టుబొట్టు కారును. నన్ను సంచిలో వేసి భుజమున తగిలించుకొనునది ఆమెయే గావున ఆమె చీర కుడివైపున ఎల్లప్పుడును ఒక తడిచార. బరువు మోయువారు తమకు తోచిన వేగమున నడువవలెనను న్యాయమున ఆమె ముందును వారు వెనుకను నడచుట ఎన్నడు మొదలైనదో ఎవరును గుర్తింపలేదు. ఫాల్గుణ పౌర్ణమికి తిరుమల కొండలలో తుంబురు తీర్థమునకును, చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరమునకును అట్లే పోయిరి. “వస్తున్నాం లింగమయ్యా” యని వేలాది జనులు కేకలు వేయుచు లోయలోనికి దిగుచుండ, ఆ జనసమ్మర్దములో పంతులుగారు భార్యను గుర్తించినది ముఖము చూచి కాదు, ఆ తడిచార చూచి.

ఉద్యోగము తిరుపతికి మారిన పిమ్మట 1971లో తలకోన యందు ఒక రాత్రి గడిపితిమి. బడిలోని స్కౌటు పిల్లల గుడారము ఎరువు తెచ్చుకొనిరి. గిల్లతీగ యను మహాలత ఆ కోనలో చెట్టునుండి చెట్టునకు వంతెనలు కట్టుచు సాగును. దాని కాయ మూరెడు దాటును. సిద్ధేశ్వరుని గుడికి కొంత దూరమున చదునైన తావు చూచి పంతులుగారు మేకులు దిగగొట్టిరి. “ఏమండీ, వాలు ఇటే ఉన్నట్టుంది” యని అమ్మగారు ఒకసారి చెప్పెను. పదునాలుగేండ్లుగా పిల్లలకు పరీవాహక ప్రాంతమును బోధించుచున్న పంతులుగారు వాలు అటున్నదని నిరూపించిరి. అర్ధరాత్రి వాన కురిసినది. గుడారము చుట్టు జానెడు లోతున కాలువ త్రవ్వవలెనను విషయము స్కౌటు పిల్లవాడైన నెరుగును. నీరు జంపఖానా క్రిందుగా వచ్చి, పులిహోర పొట్లమును పరామర్శించి, వారి పటముల సంచిలో స్థిరపడినది. నేనును తేలితిని.

దుప్పటి కప్పుకొని గుడి మండపమునకు పరుగెత్తిరి. లాంతరు వత్తి పెంచినంతనే ఎదుటి చెట్టుకొమ్మపై రెండు పెద్ద కన్నులు నిప్పుకణములవలె వెలిగినవి. అమ్మగారు వారి మోచేయి పట్టుకొనెను. పులి గాదు, దయ్యము గాదు. పిడికెడంత మేనును పుల్లలవంటి కాళ్ళును గల దేవాంగపిల్లి. అది వారిని చూచెను, వారు దానిని చూచిరి; ఎవరికిని తొందర లేదు. వాన చప్పుడులో జలపాతపు చప్పుడు విడదీయరాకుండెను. కొంతసేపటికి పంతులుగారు “నువ్వు చెప్పిందే నిజమోయ్, వాలు ఇటే” యనిరి. తెల్లవారి ఆ 270 అడుగుల నీటి క్రింద నన్ను పట్టి నింపిరి. ఎత్తిపోతల సున్నపు జాడ ఇందు లేదు. చల్లని రాతిపై నాలుక పెట్టినట్టి రుచి, చివర ఆకు వాసన. పంతులుగారు ఆ గుటకను మ్రింగక కొంతసేపు నోటిలోనే యుంచుకొనిరి.

1996 నాటికి పంతులుగారి మోకాళ్ళు మెట్లను చూచిననే మూలుగుచుండెను. ఆ కార్తికములో ఇరుగుపొరుగు స్త్రీలు వనభోజనమునకు తలకోనకు పోవుచుండ, పంతులుగారే అమ్మగారిని బలవంతముగా పంపిరి; నన్ను చేతికిచ్చి, “ఒక చెంబు పట్టుకురా” యనిరి. ఆమె పట్టినది. నిండుగనే పట్టినది. సాయంకాలము ఇంటికి వచ్చి, పడకకుర్చీలోనున్న వారి చేత నన్ను పెట్టినది. సొట్ట లేని వైపు పెదవి ఆనించి వారొక గుటక మ్రింగిరి. ఆగిరి. మరియొక గుటక.

“ఏమోయ్, తలకోన నీళ్ళకి ఉప్పదనం ఎప్పుడొచ్చింది?”

అమ్మగారు తడిసిన భుజము దులుపుకొనెను. “సగం దారిలో కారిపోయింది. సగం నేను తాగాను. నడిచింది నేను కాదుటండీ! భాకరాపేటలో బస్సు మారేటప్పుడు కుళాయి కనబడితే పట్టాను.”

“భాకరాపేటా!” యని వారు నాలోనికి తొంగిచూచి, మరల పెదవి ఆనించి, అడుగంట త్రాగి, బోర్లించి, చివరి చుక్కకై రెండుసార్లు తట్టిరి. పిదప మూతయు నేనును అమ్మగారి చేతికి మారితిమి. ఆమె మూతను ఒక చుట్టు వెనుకకు త్రిప్పి, ముందుకు త్రిప్పి, బొటనవ్రేలితో ఒకింత నొక్కి, నన్ను కిటికీలో పెట్టెను.